ధ్వజస్తంభానికి ఈశాన్యంగా నుయ్యి

సోమవారం

సర్వే ఆఫీసు వాళ్లు ఇచ్చిన పలక మీద ముందుగా "శ్రీరామ" అని రాశాను. ఇది అంశానికి సంబంధించినది కాదంటూ పలక దాన్ని చెరిపేసింది. మళ్లీ రాశాను, మళ్లీ చెరిపింది. యంత్రంతో పంతానికి పోయే వయసు కాదు కనుక మనసులోనే అనుకుని మొదలుపెడుతున్నాను.

అంశం: కొసూరు చరిత్ర, భౌగోళిక పరిస్థితులు. రాసేది: బొడ్డేపల్లి మాణిక్యాంబ. వయసు యాభై. చదువు హైస్కూలు. సోషల్‌లో ఎప్పుడూ బొటాబొటి మార్కులే. ఈ సంగతి ఆఫీసరు దశరథరామయ్యగారికి ముందే చెప్పాను. నేను మెల్లగా మాట్లాడతానేమో, ఆయనకు వినపడలేదు.

కొసూరు ఇప్పుడు లేదు. ఇసుక కింద ఉంది. ఊరు మునిగాక అక్కడి కుటుంబాలకు చీట్లు తీసి తలో గుమ్మటానికీ పంపారు. ఈ రెండో గుమ్మటానికి వచ్చిన పెద్దవాళ్లలో ప్రస్తుతం మిగిలింది ఇద్దరమే: నేనూ, మా తోటికోడలు వరహాలమ్మా. మీలో రాయడం ఎవరికి వచ్చని ఆఫీసరుగారు అడిగారు.

"దానికి రాయడం వచ్చు, నాకు మాటాడ్డం వచ్చు. తమరికి ఏది కావాలో తమరే తేల్చుకోండి బావూ" అంది వరహాలక్క.

ఆయన కాసేపు ఆవిడ మాటలు విని, రాయడమే కావాలన్నారు. ఊళ్లో మిగతా అందరూ లేకపోవడమే చరిత్రకారులకు అర్హత అయితే, నాకు ఆ అర్హత నిండా ఉంది.

చరిత్ర మీద వీళ్లకు హఠాత్తుగా ప్రేమ పుట్టలేదు. మా మంచుగని అడుగంటింది. రోజూ ఇచ్చే నీళ్లలో ఇప్పటికే మనిషికో చెంబు తగ్గించారు. ఇంకెక్కడా నీరు దొరక్కపోతే ఈ గుమ్మటం కూడా ఖాళీ చేయించి మళ్లీ చీట్లు తీస్తారట. కిందటిసారి చీట్లలో మా ఆడపడుచు ఏదో దూరపు గుమ్మటానికి పోయింది. ఆవిణ్ణి ఇంతవరకు మళ్లీ చూడలేదు. ఈసారి చీట్లలో నా కూతురు హైమ పేరొకటి, నా పేరొకటి. హైమకు ఇప్పుడు ఏడో నెల.

కొసూరులో ఒకప్పుడు నుయ్యి ఉండేదని, అందులో మంచు కాదు, నీరే ఊరేదని ఎవరో ఆఫీసులో చెప్పారు. ఆ ఎవరో వరహాలక్కే. మాటాడ్డం వచ్చని ముందే చెప్పింది కదా.

బుధవారం

ముందు భౌగోళికం రాస్తాను. అది తేలిక.

కొసూరు రోడ్డు చివర ఉండేది. నల్లకొండల దాకా రోడ్డు వెయ్యాలని వచ్చిన కూలీల శిబిరం అది. సగంలో పని ఆపమని కంపెనీ నుంచి కబురొచ్చింది. వెనక్కి రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. అంటారేమోనని ఎదురుచూస్తూ పరదాల కింద మిరపనారు పోశాం. కాపు వచ్చింది. ఎదురుచూడటం మానేశాం. ఊరు ఏర్పడింది. ఇంతకన్నా ఘనమైన స్థాపన కావాలంటే ఇంకో ఊరు చూసుకోవాలి.

వీధులంటే తాళ్లు. అక్కడ గాలిదుమారం లేస్తే చాచిన చెయ్యి కూడా కనబడదు. అందుకని ఇంటి నుంచి ఇంటికి, ఇంటి నుంచి గుడికి తాళ్లు కట్టుకున్నాం. ముసుగు తగిలించుకుని తాడు పట్టుకుని నడవడమే. మాది ఎర్రతాడు వీధి, బావగారిది తెల్లతాడు వీధి. ఒకసారి మా వారు దుమారంలో తాడు మారి పట్టుకుని వేరే వాళ్లింటికి వెళ్లి భోజనానికి కూచున్నారు. ఇల్లు మారిందని తెలిశాక కూడా లేవలేదు. వంట బాగుందట.

ఊరి నడుమ కబుర్లు అందుకునే ఇనపస్తంభం ఉండేది. దానికి చిరుగంటలు కట్టి ధ్వజస్తంభం అన్నాం. కింద రేకుల షెడ్డు వేసి గుడి అన్నాం. కంపెనీ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు గంటలు విప్పేవాళ్లం, వెళ్లాక కట్టేవాళ్లం. దేవుడు ఏమీ అనుకోలేదు.

నుయ్యి మా వారూ, మా బావగారూ తవ్వారు. అనుమతి లేకుండా తవ్వారు కనుక ఆఫీసు పటాల్లో దానికి చోటు లేదు. ఎక్కడ తవ్వుదామని మగవాళ్లు తల పట్టుకుంటే, నీరు ఈశాన్యం మూల ఉండాలన్నాను. నాకు తెలిసిన వాస్తు అంతా మా పుట్టింటి క్యాలెండరు వెనక అచ్చయినంతే. అయినా తవ్వారు. నీరు పడింది. ఆ రోజు నుంచి నాకు ఊళ్లో భక్తురాలని, జ్ఞానవంతురాలని పేరొచ్చింది. ఆ పేరు నాకు తగదని నేను ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు. గొంతు చిన్నది కదా.

రాసి పెట్టుకోండి: ధ్వజస్తంభానికి ఈశాన్యంగా, ఒక నిండు తాడు దూరంలో నుయ్యి.

శుక్రవారం

బోరు ఇంజనీరు రెహానాగారు మా ఇంటికి వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. వేళ్లకు ఎప్పుడూ గ్రీజు. కాఫీ ఇస్తే, నీళ్ల కొరత కదా అని సగమే తాగి మిగతాది నాకు తిరిగి ఇచ్చారు. ఎంగిలని చెప్పలేక, వద్దని చెప్పలేక ఆ సగం గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

కొసూరు ఇసుకలో ఇనపరజను ఉందట. పైనుంచి చూసే యంత్రాలకు అంతా ఒకటే నలుపు, దిక్సూచి పెడితే గిరగిర తిరుగుతుంది. ధ్వజస్తంభం కొన మాత్రం ఇసుక పైకి కనబడుతోంది. అక్కణ్ణుంచి కొలుచుకోవడమే. కంపెనీ తాడు చుట్టలన్నీ ఒకే పొడవు కాబట్టి దూరం తేలిక. దిక్కు సరిగ్గా ఉంటే చాలన్నారు. రాయిని తొలిచే ములుకులు మూడు బోర్లకు సరిపడానే ఉన్నాయని కూడా చెప్పారు.

"ఈశాన్యమేనా అమ్మా? బాగా గుర్తుందా?"

"బాగా గుర్తుందమ్మా. నేనే చూపించాను."

అప్పుడే వరహాలక్క వచ్చింది. "ఏటే, దిక్కులు సెప్తన్నావా? ఇంజినీరమ్మా, దీని మాటినకండి. ఉప్పుడబ్బా ఎక్కడున్నాదే అంటే వాయవ్యంల ఉన్నాదంటాది. వాయవ్యం వెతుక్కునే సరికి కూర మాడిపోద్ది."

"నువ్వెలా చెబుతావక్కా?"

"నాను సేతులతో సెప్తాను. మా గుమ్మంల నిలబడి బయటకి సూస్తే, కుడిసేతి పక్క నుయ్యి. అంతే."

రెహానాగారు నవ్వి, ఆఫీసు పటంలో వరహాలక్క ఇంటి తలుపు ఎటు ఉందో చూశారు. అక్కడ నిలబడి కుడిచేతి వైపు గీత గీస్తే, నా ఈశాన్యం గీతకు దగ్గర్లోనే వచ్చింది. "ఇద్దరూ వేరువేరుగా చెప్పి ఒక్కచోటికే వచ్చారు. ఇంకేం కావాలి" అన్నారు సంతోషంగా.

అక్కా, నేనూ ఒక్క మాట మీద ఉండటం మా పెళ్లిళ్లయినప్పటి నుంచి ఇదే మొదలు. అప్పుడే అనుమానం రావలసింది.

గురువారం

మొదటి బోరులో ఇసుక, దాని కింద రాయి. నీరు లేదు.

కూరగాయల షెడ్డులో తడి తగ్గించడంతో టమాటా మొక్కలు వాలిపోయాయని హైమ చెప్పింది. అది నన్నే అన్నట్టు అనిపించింది.

దీపం పెట్టాను. మా గుమ్మటానికి కిటికీలు లేవు. వెలుతురంతా గొట్టాల్లోంచి వస్తుంది. గోడల మీద నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో దిక్కుల పేర్లు రాసి ఉంటాయి. తూర్పు అన్న అక్షరాలకు ఎదురుగా కూచుని రోజూ దీపం పెట్టుకుంటాను. ఎదురింటి వాళ్లు వాళ్ల దీపం అడ్డదిడ్డంగా పెడితే సర్ది వస్తాను కూడా. వాళ్లు అడగలేదు. అయినా సర్ది వస్తాను.

మంగళవారం

రెండో బోరు. ఈసారి పూర్తిగా వరహాలక్క కుడిచెయ్యి లెక్క. మొదటి దానికి కాస్త అవతల వేశారు. రాయి. నీరు లేదు.

గుమ్మటంలో నాకు ఇప్పుడు కొత్త పేరొచ్చింది. పంపు దగ్గర చెంబు నింపుకుంటుంటే వెనకనుంచి ఒకావిడ, "జరగండి ఈశాన్యమ్మగారూ" అంది. జరిగాను. ఎటు జరగాలో తెలియక ముందుకే జరిగాను.

వరహాలక్క ఆవిడ మీదికి వెళ్లింది. "దాన్ని అన్నావంటే నీ బిందెల ఇసుక పోసేస్తాను, తెల్సా! దాన్ని అనాలంటే మా ఇంట్లోవోళ్లే అనాల!" అని, అక్కడికక్కడే నా వైపు తిరిగి, "ఏమే, నీకు బుర్రున్నాదా? ఊరంతటికీ నుయ్యి సూపించిందానివి, ఉప్పుడు సూపించలేవా?" అని తిట్టిపోసింది. ఆవిడ కుడిచెయ్యి సంగతి నేను ఎత్తలేదు.

శనివారం

బయటికి వెళ్లొచ్చాను. గుమ్మటంలోకి వచ్చాక మొదటిసారి.

మూడో బోరు వేసే ముందు చోటు నేనే స్వయంగా చూడాలని రెహానాగారు ఆఫీసులో పట్టుబట్టి నన్ను బండెక్కించుకున్నారు. వరహాలక్క పిలవకపోయినా ఎక్కి కూచుంది. చీకటి ఉండగానే బయల్దేరి, తెల్లవారే వేళకు కొసూరు చేరాం.

కొసూరు చేరడమంటే ఇసుకలోంచి మోకాలెత్తున లేచిన ఒక ఇనపముక్క పక్కన బండి ఆపడం. నేను పదేళ్లకు పైగా కాపురం చేసిన ఊరు అది. మా ఇల్లు ఎక్కడా అని చుట్టూ చూశాను. ఇసుక తప్ప ఏమీ లేదు. అక్క కూడా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం చూస్తే నాకు భయమేసింది.

అంతలో పొద్దు పొడిచింది. అది మన సూర్యుడు కాదనీ, వేరే నక్షత్రమనీ పుస్తకాల్లో ఉంది. పొద్దున్నే వచ్చి సాయంత్రం వెళ్లేవాణ్ణి నేను సూర్యనారాయణమూర్తి అనే అంటాను. ఎన్నాళ్లకు చూశానో! ముసుగు లోపల కళ్లు తడిసి అద్దం మసకబారింది. రెండు చేతులూ జోడించి నిలబడ్డాను.

రెహానాగారు పరికరం చూసుకుంటూ మామూలుగా అడిగారు. "అమ్మా, మీరు ఎప్పుడూ తూర్పుకే దండం పెడతారనుకున్నాను. పడమరకు కూడా పెడతారా?"

"ఇదే కదమ్మా తూర్పు" అన్నాను.

"ఇది పడమర. ఇక్కడ పొద్దు పడమటే పొడుస్తుంది."

ఇలాంటి మాట విన్నప్పుడు ఏం చెయ్యాలో మా బళ్లో చెప్పలేదు. మా బళ్లో చెప్పింది ఒకటే: సూర్యుడు ఉదయించే దిక్కు తూర్పు. అటు తిరిగి నిలబడితే ఎడమచేతి వైపు ఉత్తరం, కుడిచేతి వైపు దక్షిణం. కొసూరు వాళ్లందరం ఆ ఒక్క పాఠం మీదే బతికాం. ఈ లోకం పటం గీసినవాళ్లు ఆకాశంలో ఉండగానే ఉత్తరం ఏదో తేల్చేసుకున్నారట. పొద్దు ఎటు పొడుస్తుందో దిగాక చూసుకున్నారట. అలా వాళ్ల తూర్పు మాకు పడమర. వాళ్ల ఉత్తరం మాకు దక్షిణం.

"అయితే మీ ఈశాన్యం..." అని రెహానాగారు ఆగిపోయారు.

"మీ నైరుతి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

వరహాలక్క ఒక్కసారిగా తొడ చరుచుకుంది. "ఓలమ్మా! కంపెనీవోళ్లు ఇచ్చిన పటం మన గుడిల తలకిందులుగా కట్టుకున్నాం కాదేటే! సరిగ్గా కడితే దిక్కులు తప్పుతున్నాయని నువ్వే తిప్పి కట్టించినావు!"

నిజమే. నేనే తిప్పి కట్టించాను. పటమే తప్పనుకున్నాను. అక్షరాలు కూడా తలకిందులయ్యాయని ఎవరో అంటే, చదువుకున్న వాళ్లకి ఎలా ఉన్నా చదవడం వస్తుందన్నాను.

"మరి మీ కుడిచెయ్యి, వరహాలమ్మగారూ?" రెహానాగారు అడిగారు. "మీరు దిక్కులు చెప్పలేదుగా. పటంలో మీ గుమ్మం చూసే వేశాం."

అక్క కాలితో ఇసుకను అటూ ఇటూ నెట్టింది. తర్వాత మెల్లగా, "ఆ గుమ్మం నాను మూసేసినాను" అంది.

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. ఒక ఏడాది ఆవిడకూ నాకూ మాటల్లేవు. పచ్చడి జాడీ దగ్గర మొదలైన తగువు అది. పొద్దున లేస్తే నా మొహం చూడవలసి వస్తోందని, మా ఇంటికి ఎదురుగా ఉన్న తలుపు రేకులతో మూసేయించి, వెనకగోడకు కొత్త తలుపు పెట్టించుకుంది. ఆ కొత్త గుమ్మంలో నిలబడితే కుడిచెయ్యి అటు నుంచి ఇటు మారిపోతుంది. కంపెనీ పటానికి మా తగువు సంగతి తెలియదు.

"అంటే ఇద్దరూ తప్పే చెప్పారు. ఒకే వైపు తప్పు చెప్పారు. నేను దాన్ని సాక్ష్యమనుకున్నాను" అన్నారు రెహానాగారు. కోప్పడతారనుకున్నాను. ఆవిడ బండి చక్రానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. ముసుగులోంచి ఆ నవ్వు దగ్గులా వినిపించింది.

తిరిగొస్తూ దారిలో అడిగాను, మీరు నమాజు ఎటు తిరిగి చేస్తారమ్మా అని.

"మా నాన్నవాళ్లు వచ్చిన కొత్తలో దాని మీద పెద్ద చర్చే అయిందట. చివరికి తెలిసినంతలో సరిగ్గా నిలబడండి, మిగతాది అల్లాకు తెలుసు అని తేల్చారు" అన్నారు.

మాకు అలాంటి చర్చ జరగలేదు. నేను ఉన్నాను కదా, చర్చ ఎందుకనుకున్నారు. పొద్దు చూడకుండా, గోడ మీది అక్షరాలను నమ్మి ఇన్నేళ్లూ సూర్యనారాయణమూర్తికి వీపు పెట్టి దీపం వెలిగించాను. ఎదురింటి వాళ్ల చేత కూడా పెట్టించాను.

సోమవారం

దశరథరామయ్యగారు పిలిపించారు. రెహానాగారు కూడా అక్కడే ఉన్నారు. బల్ల మీద చేతులు పెట్టుకుని, కోపం లేకుండా మాట్లాడారు. కోపంగా మాట్లాడితేనే బాగుండేది.

"చూడండి మాణిక్యాంబగారూ. ఒక్క బోరుకే ములుకు మిగిలింది. దాన్ని మన మంచుగని అడుగున వేస్తే ఎంతో కొంత మంచు తగులుతుంది. నాలుగైదు నెలలు గడుస్తాయి. ఆ తర్వాత ఎలాగూ ఖాళీ చెయ్యాల్సిందే. కొసూరులో వేసి నీరు పడితే ఎక్కడికీ పోనక్కర్లేదు. పడకపోతే వచ్చే నెలలోనే చీట్లు. మీ మాట మీద రెండు పోయాయి. మూడోది పంపమంటారా?"

నాలుగైదు నెలలంటే హైమ పురుడు ఇక్కడే అయిపోతుంది. నా చేతుల మీదే అవుతుంది. ఆ మాట ముందు మెదిలింది నాకు. ఊరు గీరు తర్వాత.

"భగవంతుడి దయ వల్ల..." అని మొదలుపెట్టాను.

"భగవంతుణ్ణి కాసేపు పక్కన పెట్టి చెప్పండి."

"ఆయన్ని పక్కన పెడితే నాకు ఏ పక్కో తెలియదండీ" అన్నాను. హాస్యానికి కాదు, ఉన్నమాటే. కానీ రెహానాగారు తల దించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

తర్వాత చెప్పాను. నేను చెప్పిన దిక్కు తప్పు, నుయ్యి మాత్రం ఉంది. ఆ నూతిలో చేద వేసి నీళ్లు తోడి నా కూతురికి లాల పోశాను. దుమారాలకు తాళ్లు తెగిపోయిన ఆ చివరి రోజు నలుగురం కలిసి దాని మీద ఇనపమూత బిగించి, పసుపు రాసి వచ్చాం. కంపెనీ నైరుతిలో వెయ్యమనండి. అక్కడ లేకపోతే చీట్లలో నా పేరు అందరికన్నా ముందు, అందరికన్నా దూరానికి తియ్యండి.

"కొంచెం గట్టిగా చెప్పండి, వినపడలేదు" అన్నారాయన.

మొత్తం మళ్లీ చెప్పాను. బయట వరండాలో నిలబడ్డవాళ్లు కూడా విన్నారట. హైమ విందట.

ఇంటికొచ్చాక హైమ అడిగింది, "అందరికన్నా దూరానికి ఎందుకన్నావమ్మా?"

"నోటికొచ్చిందే."

"ఎప్పుడూ రానిది అప్పుడే రావాలా?" అంది. అని, తన చెంబులో నీళ్లు సగం నా చెంబులో పోసి లోపలికి వెళ్లింది.

ఆదివారం

బోరు వేస్తున్నారు. కబురు లేదు. విష్ణుసహస్రనామం మొదలుపెట్టి మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాను. ఇలా ఎన్నిసార్లో. ఇన్ని పేర్లున్న ఆయనకు ఏ పేరుతో మొదలుపెట్టినా తెలుస్తుందనుకుంటాను.

బుధవారం

నీరు పడింది.

రెహానాగారు కబుర్ల పెట్టెలో చెప్పారు. ములుకు ముందు ఇనపమూతకు తగిలి టంగుమందట. ఆ శబ్దానికి పనివాళ్లంతా కేకలేశారట. మూత కోసి గొట్టం దించితే నీరు ఎర్రగా, తుప్పు వాసనతో వచ్చిందట. సాయంత్రానికి తేటపడిందట. ఇద్దరు అన్నదమ్ములు పలుగూ పారా పట్టుకుని అంత లోతు ఎలా తవ్వారని ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగారు. సాయంత్రం పూట భార్యల తగువు వినలేక అక్కడే ఉండిపోయేవాళ్లని చెప్పాను. అది చరిత్ర కిందికి వస్తుందో రాదో తెలియదు.

చీట్లు ఆపేశారు. గుమ్మటం అంతా కేరింతలు. పంపు దగ్గర నన్ను ఈశాన్యమ్మ అన్నావిడే వచ్చి చేతులు పట్టుకుంది.

శుక్రవారం

కొత్త చిక్కు. నీళ్ల బండి మీద "కొసూరు నుయ్యి, నైరుతి" అని ఆఫీసు వాళ్లు రాసి పంపారు. నైరుతి మూల నూతి నీళ్లు ఇంట్లోకి తేవడం అరిష్టమని సగంమంది బిందెలు వెనక్కి తీసుకెళ్లారు. వాళ్లకు ఆ శాస్త్రం నేర్పిందెవరని అడిగితే అందరూ నావైపు చూశారు.

బండి మెట్టెక్కి నిలబడ్డాను. మన గోడల మీది అక్షరాలు కంపెనీవి, పొద్దు కంపెనీది కాదు, పొద్దు లెక్కన ఇది అచ్చమైన ఈశాన్యం నీరు అని చెప్పాను. అయితే మన దీపాలో అన్నారెవరో. అవి తిప్పుకోవాలన్నాను. ఇన్నేళ్లూ నన్నడిగి పెట్టుకున్న దీపాలు కనుక ఆ మాట అంటున్నప్పుడు ఎవరి మొహంలోకీ చూడలేకపోయాను.

"బిందెలు పట్టండర్రా!" అని వరహాలక్క వెనకనుంచి అరిచింది. "దిక్కులు దానికి వొగ్గీండి, నీలు మనం తాగీద్దుం!"

పట్టారు.

సోమవారం

దశరథరామయ్యగారు మళ్లీ పిలిపించారు. కొసూరు గాలికి ఇసుక ఆగదు. నూతి మూతి దగ్గర రోజూ ఊడ్చి, గొట్టం చూసి, పంపు నడపడానికి అక్కడే ఉండేవాళ్లు కావాలి. గుమ్మటంలో చాటింపు వేస్తే ఒక్కరూ ముందుకు రాలేదట. ఆ చోటు తెలిసినవాళ్లయితే మంచిదని ఆయన బల్ల వైపు చూస్తూ అన్నారు.

అందరికన్నా దూరానికి తియ్యండని నేనే అన్నాను. గట్టిగా అన్నాను. అందరూ విన్నారు.

హైమ పురుడయ్యేదాకా వ్యవధి ఇచ్చారు. రెహానాగారి మనుషులు అందాకా చూసుకుంటారు.

ఆదివారం

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. మొదటి స్నానం నూతి నీళ్లతోనే. పిల్ల రాగం తీసి ఏడ్చింది. దాని గొంతు వరహాలక్క పోలిక.

గురువారం, కొసూరు

కొసూరు: రోడ్డు చివరి ఊరు. జనాభా ఇద్దరు, నేనూ, వరహాలక్కా. ముఖ్య వృత్తి ఇసుక ఊడవడం. ముఖ్య ఉత్పత్తులు నీరు, తగువులు. రాకపోకలు: వారానికోసారి నీళ్ల బండి. అది వెళ్లేటప్పుడు మనవరాలిని చూడటానికి ఒకరం ఎక్కి వెళ్లవచ్చు, రెండోవాళ్లు పంపు దగ్గర ఉండాలి. మొదటి వారం ఎవరు వెళ్లాలన్న దాని మీద చర్చ సాగుతోంది.

కొత్త రేకుల ఇల్లు బిగించడానికి రెహానాగారు స్వయంగా వచ్చారు. గోడలు నిలబెట్టి, తలుపు భుజాన పెట్టుకుని, ఎటు పెట్టమంటారని అడిగారు.

"పొద్దు పొడిచే వైపు" అన్నాను.

"గాలి అటు నుంచేనే వచ్చీది!" అంది అక్క. "ఇసకంతా ఇంట్లోకే. ఎనకపక్క ఎట్టించు."

"వెనక పెట్టి పెట్టి ఏమైందో చూశావుగా."

"ఓసోసి! పటం తిరగేసి కట్టినదానివి నువ్వు నాకు సెప్పొచ్చినావా!"

"అమ్మా, ఇది చాలా బరువుగా ఉంది" అన్నారు రెహానాగారు.

పొద్దు పొడిచే వైపే పెట్టించాం. అక్క మాట నిజమే. పొద్దున తలుపు తెరిస్తే వెలుతురుతో పాటు ఇసుక కూడా నట్టింటి దాకా వస్తోంది. దండం పెట్టుకుని, చీపురు తీసుకుంటున్నాను.